ఇరవయ్యో తారీఖు, పన్నెండు గంటలకు

"పన్నెండింటికి మాత్రం కుదరదు ఇర్మెలీ" అన్నాడు ఔలిస్. నాలుగు రోజులుగా అదే మాట, అదే గొంతు. "తొమ్మిదింటికి పెట్టుకో. పొద్దున్నే కాఫీ ఎవరికి చేదు?"

"యాభయ్యో పుట్టినరోజు కాఫీకి పొద్దున తొమ్మిదింటికి ఎవరొస్తారు? పాల లారీవాడా?"

"పోనీ సాయంత్రం ఆరింటికి. అప్పటికి మేమూ వచ్చేస్తాం."

"వచ్చి బురద బూట్లతో, తడికుక్కతో కేకు చుట్టూ నిలబడతారు."

"పోనీ ఆ తర్వాతొచ్చే శనివారం..."

"నేను ఇరవైన పుట్టాను ఔలిస్. ఆ తర్వాతొచ్చే శనివారం పుట్టలేదు."

ఔలిస్ కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. తాగడు, అరవడు, అడక్కుండానే ఆవిరిస్నానానికి సౌనా వెచ్చచేస్తాడు. ఒక్క ఆగస్టు ఇరవై విషయంలోనే అతని చేతుల్లో ఏమీ ఉండదు. ఫిన్లాండు దేశం మొత్తం మీద బాతుల వేట ఆ రోజు మధ్యాహ్నం సరిగ్గా పన్నెండు గంటలకు మొదలవుతుంది. పదకొండూ యాభై తొమ్మిదికి బాతు చట్టం కాపాడే పక్షి. పన్నెండు కొట్టాక కూర. ఆ ఒక్క నిమిషం కోసం పెద్ద పెద్ద మగవాళ్ళు నడుములోతు రెల్లుగడ్డిలో నిలబడి, వాచీలు చూసుకుంటూ, ఊపిరి బిగబట్టుకుని ఉంటారు. భార్యలు ప్రసవాలకు వెళ్ళినప్పుడు కూడా వాళ్ళు వాచీ అంత శ్రద్ధగా చూసి ఉండరు.

ఈ సంగతి ఇర్మెలికి పుట్టుకతోనే తెలుసు. ఆమె పుట్టింది పన్నెండూ పదికి. ఆస్పత్రి నుంచి నర్సు ఫోను చేస్తే ఇంట్లో ఎత్తే దిక్కు లేదు. నాన్న తను తవ్వించుకున్న కుంటలో, రెల్లు మధ్య నిలబడి ఉన్నాడు. ఆయన వేట పుస్తకంలో ఆ రోజు రాసుకున్నది ఇప్పటికీ ఉంది: 'రెండు బాతులు. తూర్పు గాలి. కూతురు.' ఆ వరసలోనే.

పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. పెళ్ళి జూన్‌లో జరిగింది. జూన్‌లో కాల్చడానికి ఏ పక్షీ ఉండదు. ఫ్రిజ్ తలుపు మీది క్యాలెండరులో ఔలిస్ చేతిరాత చాలా చక్కగా ఉంటుంది. ఆగస్టు పదికి అడవి పావురాలు, ఇరవైకి బాతులు, సెప్టెంబరు పదికి అడవికోళ్ళు. ఇరవయ్యో గడిలో 'బాతులు' అని పెద్దక్షరాలతో రాసి, కింద మిగిలిన చోటులో 'ఇ.కి 50' అని ఇరికించాడు. ఇరికించాడు కదా, అదే పదివేలు అనుకోమన్నట్టుంటుంది ఆ గడి.

"ఈ సాయంత్రం సంఘంవాళ్ళు వస్తున్నారు" అన్నాడు లేస్తూ. "ఏలకుల బన్నులు చేస్తావుగా?"

చేసింది. అది వేరే విషయం.

* * *

వేట సంఘంవాళ్ళంటే పేరుకు పద్నాలుగు మంది. నిర్ణయాలు చేసేది ముగ్గురు, చేసే చోటు ఇర్మెలి వంటిల్లు. అధ్యక్షుడు కలెర్వోకి డెబ్బై రెండేళ్ళు, రిటైరైన బస్సు డ్రైవరు. అందుకే ఎవరు మధ్యలో మాట్లాడినా వెనక్కి తిరక్కుండానే జవాబు చెబుతాడు. ఓస్మోకి ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డుంది. మూడోవాడు ఔలిస్.

ఓస్మో ఆ రోజు కొత్త తుపాకీ తెచ్చాడు. ఆమె అప్పుడే తుడిచిన బల్ల మీద దాన్ని పడుకోబెట్టాడు. నిజంగానే పడుకోబెట్టాడు. కింద ఒత్తుకోకుండా ఆమె ఇస్త్రీ చేసిన తువ్వాలొకటి తీసి పరిచాడు కూడా. గొట్టం నుంచి మడమ దాకా రెల్లుగడ్డి బొమ్మ వేసి ఉంది దాని మీద.

"ఇది రెల్లులో పెడితే కనబడదు" అన్నాడు గర్వంగా.

"అయితే జాగ్రత్తరోయ్, పారేసుకుంటావు" అన్నాడు కలెర్వో.

"నవ్వు, నవ్వు. మూడు తూటాలు, ఒకదాని వెనక ఒకటి. మనం వేలు నొక్కడమే. మిగతాదంతా అదే చూసుకుంటుంది."

"గురి కూడా అదే చూసుకుంటుందేమో కొట్టువాణ్ణి అడిగావా? పోయినేడు నలభై తూటాలకి రెండు బాతులు కొట్టావు. ఇప్పుడు ఇంకా తొందర తొందరగా గురి తప్పొచ్చు."

"ఆ రోజు ఎదురుగాలి."

"బాతులకీ అదే గాలి."

ఔలిస్ నవ్వాపుకోలేక బన్ను ముక్క మింగుడు పడక దగ్గాడు. ఇర్మెలి కాఫీ పోసింది. ఓస్మో ముఖం ఎర్రబడింది.

"నీదేదో మహా తుపాకీ అయినట్టు! మీ నాన్న కాలం నాటి జంటగొట్టాలది. ఉక్కుగుళ్ళ తూటా ఒక్కటి పెట్టి కాలిస్తే దాని మూతి వాచిపోతుంది. నీళ్ళ మీద సీసం గుళ్ళు నిషేధించి ఎన్నేళ్ళయిందో తెలుసా?"

"నాకెందుకు తెలీదు, ఆ రోజు నేను నల్లబట్టలు వేసుకున్నాను. దానికి బిస్మత్ గుళ్ళు పెడుతున్నాలే. ముసలివాళ్ళకి మెత్తటి తిండి పెట్టుకోవాలి." కలెర్వో బన్నును కాఫీలో ముంచాడు. "గొట్టాలు పక్కపక్కన ఉంటేనే అది తుపాకీ. ఒకదాని మీద ఒకటి ఉంటే మేడ. ఇక నీది కుట్టుమిషను."

గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉన్న తుపాకీ ఔలిస్‌ది. ఇల్లు తనది కాబట్టి అతను ఆ మాటని పట్టించుకోలేదు.

"నా సంగతికొస్తే" అన్నాడు, ఇర్మెలి వైపు చూడకుండా, "సన్నగొట్టం తేలికపాటి ఇరవై బోరు తుపాకీ ఒకటి తీసుకుందామనుకుంటున్నా. పన్నెండు బోరు మోస్తుంటే భుజం లాగుతోంది."

ఆ భుజం ఇర్మెలికి పాత పరిచయమే. కట్టెలు మోయాలన్నా అదే లాగేది, తివాచీలు దులపాలన్నా అదే లాగేది.

"బాతుకి ఇరవై బోరా!" అన్నాడు ఓస్మో, తన వంతు వచ్చిన ఆనందంలో. "కాలుస్తావా, కితకితలు పెడతావా?"

"ఇంట్లో ఇప్పటికే రెండున్నాయి" అంది ఇర్మెలి.

"ఒకటి బాతులకి, ఒకటి అడవికోళ్ళకి" అన్నాడు ఔలిస్ ఓపిగ్గా, చిన్నపిల్లకు చెప్పినట్టు. "ఇది మధ్యలోకి."

బాతుకీ కోడికీ మధ్యలో ఏం ఎగురుతుందో అతను చెప్పలేదు. మిగతా ఇద్దరూ మాత్రం అర్థమైనట్టు తలలూపారు. తర్వాత గంటసేపు చర్చ గుళ్ళ సైజు మీదికి పోయింది. గొట్టం మూతి ఎంత బిగువుగా ఉండాలి, ముప్ఫై అడుగుల ఎత్తులో పోయే బాతుకి ఎంత ముందు గురిపెట్టాలి, కుడిచేతివాటం బాతులుంటాయా. ఆ చివరిది ఓస్మో ప్రశ్న. పోయిన ఏడాది ముగ్గురూ కలిసి ఇర్మెలి నాన్న తవ్వించిన కుంటలో కొట్టినవి పదకొండు. అందులో నాలుగు కలెర్వో ముసలి తుపాకీవి, ఒకటి తనంతట తానే పడిపోయిందని కుక్కకి తప్ప ఎవరికీ తెలీదు. ఆ పదకొండు బాతుల ఈకలు పీకింది ఇర్మెలి. అందుకే లెక్క గుర్తుంది.

చివరికి కలెర్వో సంచిలోంచి ఒక కాగితం తీశాడు.

"అసలు పని మరిచిపోయేవాళ్ళం. కుంటలో వేటాడుకునే ఒప్పందం గడువు ఈ నెలాఖరుతో అయిపోతోంది. పదేళ్ళ కిందటిది. కొత్తది టైపు చేసి తెచ్చాను. ఔలిస్, ఇక్కడ పెట్టు సంతకం."

"...మూతి మరీ బిగిస్తే గుళ్ళు గుంపుగా పోతాయి" అంటూనే ఔలిస్ కలం తీసుకున్నాడు.

ఇర్మెలి కాఫీ కెటిల్ పట్టుకుని అతని భుజం వెనక నిలబడింది. పాత ఒప్పందం మీద సంతకం నాన్నది. ఆయన పోయి ఆరేళ్ళయింది. కుంట, దాని చుట్టూ ఉన్న నాలుగెకరాలు కూతురి పేరిట వచ్చాయి. రిజిస్ట్రేషను పత్రం దుప్పట్ల సొరుగులో, లేసు బల్లగుడ్డ కింద ఉంది. కొత్త కాగితం మీద 'భూయజమాని' అన్నచోట, అందంగా, నల్లగా, ఔలిస్ పేరు ఉంది.

కలెర్వో మోసం చేయలేదు. మోసం చేయాలంటే ఆలోచించాలి. బాతుల కుంట మగవాడిదే అయి ఉంటుందని వేలు తనంతట తానే టైపు చేసుకుపోయింది. ఔలిస్ కూడా మోసం చేయలేదు. ఇరవై ఆరేళ్ళుగా 'మా కుంట', 'నా కుంట' అంటూ వచ్చాడు. నోట్లో అరిగిపోయిన మాట కాగితం మీద కనబడితే తప్పనిపించలేదు. గుళ్ళ సైజు విషయంలో మిల్లీమీటరులో పదో వంతు దగ్గర పట్టుపట్టిన ముగ్గురు మనుషులు, కుంట ఎవరిదో మాత్రం చూసుకోలేదు.

"పేర్లూ అవీ సరిగ్గా చూసుకున్నారా?" అంది ఇర్మెలి.

"నాలుగుసార్లు చూశాను" అన్నాడు కలెర్వో, వెనక్కి తిరక్కుండా. "ఊరి పేరు, సర్వే నంబరు, తారీఖులు అన్నీ కరెక్టు. ప్రతిఫలం ఎప్పటిలాగే: భూమిచ్చిన వాళ్ళకి సంఘం తరఫున అక్టోబరులో దుప్పిమాంసం సూపు విందు. అన్నట్టు ఇర్మెలీ, ఈ ఏడు సూపులో క్యారెట్ కొంచెం ఎక్కువ వెయ్యి తల్లీ. పోయినేడు పలచబడింది."

ఆ సూపు పందొమ్మిదేళ్ళుగా వండుతున్నది ఇర్మెలి. అరవై లీటర్ల గంగాళంలో, సంఘం షెడ్డులో, చలికి రెండు స్వెట్టర్లు వేసుకుని వండుతుంది. తన కుంటలో కాల్చుకున్నందుకు కృతజ్ఞతగా, తను వండిన సూపు తనకే గిన్నెలో పోసి, "ఎలా ఉంది ఇర్మెలీ?" అని అడుగుతారు. బాగుందనాలి. అనకపోతే సంఘాన్ని అవమానించినట్టు.

"చూసుకున్నామన్నాంగా, కంగారు పడకు" అన్నాడు ఔలిస్, సంతకం చివర గీత లాగుతూ. "ఇంకొంచెం కాఫీ పొయ్యి."

ఆమె కంగారు పడలేదు. కాఫీ పోసింది.

* * *

మర్నాడు పొద్దున ఔలిస్ పనికి వెళ్ళాక ఆమె కుంట దాకా నడిచింది. నాన్న వేసిన చెక్క వారధి అక్కడక్కడ పుచ్చినా మనిషిని మోస్తుంది. చివర కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది. అవతల రెల్లులోంచి తల్లిబాతు ఏడు పిల్లలతో వచ్చింది. పిల్లలంటే పిల్లలు కావు, తల్లంత ఉన్నాయి, కానీ ఇంకా వరసలోనే ఈదుతున్నాయి. ఆమెను చూసి కాస్త దూరం జరిగి, తర్వాత ఏమీ చేయదని గ్రహించి తిరిగొచ్చాయి.

యాభై ఏళ్ళలో పుట్టినరోజు నాడు ఒక్కసారి కూడా ఇక్కడ కూర్చోలేదు. చిన్నప్పుడు గుళ్ళు తగులుతాయని అమ్మ రానిచ్చేది కాదు. పెళ్ళయ్యాక ఒడ్డున టార్పాలిన్ కింద పప్పుసూపు వేడి చేస్తూ నిలబడేది, అది కూర్చోవడం కిందికి రాదు. ఒడ్డున ఒక బల్లకి చోటుంది. పదిహేను కుర్చీలు. అక్కకి మోకాళ్ళ నొప్పి కాబట్టి ఆమెది చేతుల కుర్చీ. కేకు మీద ఈగలు వాలతాయి, వాలనీ. పన్నెండూ పదికి ఏ శబ్దమూ ఉండకూడదు. ఆమె కోరుకున్నది అంతే. అడగ్గా అడగ్గా అది పెద్ద కోరికలా కనబడసాగింది.

ఆ సాయంత్రం చివరిసారిగా అడిగి చూసింది.

"ఒక్క ఏడాది ఔలిస్. ఇరవై ఒకటిన మొదలుపెట్టుకోండి. మిగతా కుంటలున్నాయిగా, ఇరవైన అక్కడికి పోండి."

ఔలిస్ బూటుకి మైనం రాస్తున్నాడు. తలెత్తాడు. అతని ముఖంలో నిజమైన బాధ ఉంది. "ఇర్మెలీ, అర్థం చేసుకో. ఆ రోజు ఏడాదికి ఒక్కసారే వస్తుంది."

"నా పుట్టినరోజు నెలకోసారి వస్తుందా?"

"అది కాదు. మొదటి రోజు బాతులు అమాయకంగా ఉంటాయి. మనిషిని చూసినా కదలవు. మర్నాటికి తెలివి వచ్చేస్తుంది, ఇక దగ్గరికి రావు."

"ఒక్క రోజులోనా?"

"ఒక్క రోజులోనే."

ఆమెకు బాతుల మీద గౌరవం కలిగింది. తనకు ఇరవై ఆరేళ్ళు పట్టింది.

ఇంకేం మాట్లాడకుండా దుప్పట్ల సొరుగు తీసి లేసు బల్లగుడ్డ బయటకు లాగింది. పుట్టినరోజు బల్లకి అదే వెయ్యాలి, ఉతకాలి. దాని కిందున్న పత్రం కూడా తీసింది. దానికి ఉతుకు అక్కర్లేదు.

* * *

ఆదివారం భోజనానికి అందరూ ఉన్నారు. కూతురు వెన్లా తాంపెరె నగరం నుంచి వచ్చింది. అత్తగారు సేల్మాని ఔలిస్ కారులో తీసుకొచ్చాడు. ఎనభై నాలుగేళ్ళ ఆ మనిషికి చెవులు అవసరమైనప్పుడు వినబడవు, అక్కర్లేనప్పుడు గోడ అవతలి మాట కూడా వినబడుతుంది. బల్ల మీద పోయినేటి బాతుల్లో చివరి రెండు, కొత్త బంగాళాదుంపలు, పుల్లటి లింగన్‌బెర్రీ పళ్ళ గుజ్జు. ఫ్రీజరు ఖాళీ అయింది, ఇక కొత్తవాటికి చోటుందని ఔలిస్ ఆనందంగా ప్రకటించాడు.

సేల్మా నోట్లోంచి ఉక్కుగుండు ఒకటి తీసి పళ్ళెం అంచున పెట్టింది. టింగుమంది.

"ఇది ఓస్మోదే" అన్నాడు ఔలిస్. "వాడు నాలుగో నంబరు గుళ్ళు వాడతాడు."

"నా పన్ను మాత్రం నాదే" అంది సేల్మా.

వెన్లా నవ్వి, "అమ్మా, ఇంతకీ ఇరవైన ఎన్నింటికి? సెలవు పెట్టాలి నేను. నాన్న ఆరంటాడు, నువ్వు పన్నెండంటావు" అంది.

"ఆరే" అన్నాడు ఔలిస్. "దాదాపు ఖాయం అయిపోయింది."

"పేపర్లో ప్రకటన ఇచ్చేశాను" అంది ఇర్మెలి. బంగాళాదుంపల గిన్నె అత్తగారి వైపు జరిపింది. "గురువారం వస్తుంది. 'ఇరవైన మధ్యాహ్నం పన్నెండింటికి మా కుంట ఒడ్డున కాఫీ. వచ్చేవాళ్ళందరికీ స్వాగతం.'"

ఔలిస్ ఫోర్కు దించాడు. "కుంట ఒడ్డునా! ఇర్మెలీ, అక్కడ మేం కాలుస్తుంటాం. మనుషులకి తగులుతుంది."

"కాల్చరు. ఆ కాగితం చెల్లదు ఔలిస్. కుంట నా పేరున ఉంది, దాని మీద సంతకం నీది."

ఔలిస్ పెదాలు కదిలాయి. ఆరేళ్ళ కిందట రిజిస్ట్రేషను ఆఫీసులో ఆమె పక్కనే కూర్చుని, వేట పత్రిక చదువుతూ, "అయిపోయిందా?" అని అడిగిన రోజు అతనికి మెల్లిగా గుర్తొస్తున్నట్టుంది.

"నువ్వక్కడే ఉన్నావుగా" అన్నాడు చివరికి. "ఆ రోజే చెప్పొచ్చుగా?"

"పేర్లు చూసుకున్నారా అని అడిగాను. కాఫీ పొయ్యమన్నావు."

"కలెర్వోకి తెలిస్తే..."

"నిన్న ఫోను చేశాను. కొత్త ఒప్పందం నేనే రాసిస్తాను, పదేళ్ళకీ ఇస్తాను. ఏటా ఇరవై ఒకటో తారీఖు నుంచి. ఇరవై మాత్రం ఏ ఏడాదీ లేదు. సూపు ఇక మీద సంఘం వండుతుంది. నేను పిలుపు మీద వెళ్ళి కూర్చుని తింటాను."

"ఏమన్నాడు?" అంది వెన్లా, కళ్ళు పెద్దవి చేసుకుని.

"మొత్తం రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత 'సూపు కూడానా?' అన్నాడు."

ఇర్మెలి చెప్పిన తీరులో కోపమేమీ లేదు. ఉప్పు అందించమన్నంత మామూలుగా చెప్పింది. అందుకే ఔలిస్‌కి ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. తల్లి వైపు చూశాడు. సేల్మాకి ఆ క్షణంలో చెవులు బొత్తిగా వినబడటం లేదు. ఆమె రెండో గుండు తీసి మొదటిదాని పక్కన పెట్టుకుంటోంది.

"మా బాతులు..." అన్నాడు నీరసంగా. "పక్క ఊళ్ళ కుంటల్లో కాల్పులు మొదలవగానే అన్నీ లేచి మన కుంటకే వస్తాయి ఇర్మెలీ. ఆ రోజంతా అక్కడే తిరుగుతుంటాయి. మేం చూస్తూ కూర్చోవాలా?"

"కూర్చోవచ్చు. కుర్చీలుంటాయి." ఆమె లేచి పళ్ళేలు తీయసాగింది. "కేకు వెన్లా చేస్తుంది. అత్తయ్యా, మీరు నీడలో కూర్చుందురుగాని. ఔలిస్, కుర్చీలు నువ్వు మోస్తావు, భుజం లాగితే రెండు విడతలుగా మొయ్యి. పన్నెండింటికి."